కోరోన్ అడుగున సరుకు ఓడలు



1944 సెప్టెంబరు 24, ఆదివారం. ఫిలిప్పీన్స్‌లో పలావన్ రాష్ట్రానికి ఉత్తరపు కొసన బుసువాంగా అని ఒక దీవి ఉంది. దానికి దక్షిణంగా ఉన్న నీళ్ళే కోరోన్ అఖాతం. నిట్టనిలువు సున్నపురాతి కొండలు, వాటి మధ్య చిన్న చిన్న లంకలు. ఆ లంకల చాటున ఆ ఉదయం పదికి పైగా జపాను ఓడలు లంగరు వేసుకుని ఉన్నాయి. తొమ్మిది దాటాక అమెరికా విమానాలు వచ్చి పడ్డాయి. ఐదు వందల కిలోమీటర్లకు పైగా అవతల, నడిసముద్రంలో ఉన్న విమానవాహక నౌకల నుంచి లేచి వచ్చాయవి. విమానాల ఇంధనం రానూపోనూ సరిపోవడమే కష్టమైన దూరం అది. దాడి ఎంతోసేపు సాగలేదు. విమానాలు తిరుగుముఖం పట్టేసరికి కొన్ని ఓడలు మునిగిపోయాయి, కొన్ని మంటల్లో ఉన్నాయి.

ఆ ఓడలు ఎనభై ఏళ్ళు దాటినా అక్కడే ఉన్నాయి. ప్రపంచం నలుమూలల నుంచీ స్కూబా డైవింగ్ చేసేవాళ్ళు వాటిని చూడటానికి కోరోన్ వెళ్తున్నారు. నేనూ వెళ్ళాను. వెళ్ళొచ్చినవాళ్ళు మాట్లాడేది ఎక్కువగా చేపల గురించి, పగడాల గురించి, ఇనుప గదుల్లోకి దూరిన థ్రిల్ గురించి. ఈ పూట నేను ఆ ఓడల్లో ఉన్న సరుకు గురించి మాట్లాడతాను. కోరోన్‌లో చూడాల్సిన అసలు సంగతి సరుకేనని నా నమ్మకం.

ముందు ఈ ఓడలు అక్కడికి ఎందుకు వచ్చాయో చెప్పాలి. మూడు రోజుల ముందు, అంటే సెప్టెంబరు 21న, అమెరికా విమానాలు మనీలా రేవు మీద విరుచుకుపడ్డాయి. అక్కడ మిగిలిన ఓడలకు నిలవడానికి చోటు లేకపోయింది. దక్షిణంగా దూరంగా జరిగి, లంకల మధ్య తలదాచుకోవచ్చని కోరోన్ అఖాతానికి వచ్చాయి. ఓడల మీద కొమ్మలూ రెమ్మలూ కప్పి లంకల్లా కనిపించేలా చేశారనీ, అమెరికా వాళ్ళు ఆకాశం నుంచి తీసిన ఫొటోల్లో నిన్న ఒకచోట ఉన్న లంక ఇవాళ ఇంకోచోట ఉండటం చూసి గుట్టు పట్టుకున్నారనీ అక్కడి డైవ్ గైడ్లు ఇష్టంగా చెబుతారు. కథ బాగుంటుంది, కథగానే వినాలి.

ఒక్క విషయం మనవాళ్ళు గుర్తు చేసుకోవాలి. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేసింది ఈ జపాను నౌకాదళమే. ఆ రోజుల్లోనే బంగాళాఖాతంలో వారం తిరక్కుండా ఇరవైకి పైగా సరుకు ఓడలను ముంచేసింది. విశాఖలో జనం ఊళ్ళు ఖాళీ చేసి వెళ్ళిన సంగతి పెద్దవాళ్ళ నోట విన్నవాళ్ళు ఇంకా ఉన్నారు. అంత దూకుడు మీదున్న దళం రెండున్నరేళ్ళు తిరిగేసరికి సరుకు ఓడలను కాపాడుకోలేక లంకల చాటున దాచుకునే స్థితికి వచ్చింది. ఆ రెండున్నరేళ్ళలో ఏం జరిగిందో కోరోన్ అడుగున కనిపిస్తుంది.

అక్కడ పెద్ద యుద్ధనౌక ఒక్కటీ లేదు. తిండి తెచ్చే ఓడ, నూనె తెచ్చే ఓడలు, సిమెంటు తెచ్చే ఓడ. వీటికి తోడు సముద్ర విమానాలకు సాయంగా ఉండే ఓడ ఒకటి, చిన్న గన్‌బోటు ఒకటి. అంతే. అప్పటికి జపాను సైన్యం వేల మైళ్ళ సముద్రం మీద చెల్లాచెదురుగా దీవుల్లో ఉంది. వాళ్ళ బియ్యం, వాళ్ళ పెట్రోలు, వాళ్ళ మందుగుండు అన్నీ ఓడల మీదే రావాలి. ఆ ఓడలను అమెరికా జలాంతర్గాములు, విమానాలు ఒక్కొక్కటిగా ముంచుకుంటూ వచ్చాయి. జపాను నడ్డి అక్కడే విరిగింది. ఫిరంగులున్న నౌకలను చూసి యుద్ధం అర్థమైందనుకునేవాళ్ళకు ఈ అఖాతం వేరే పాఠం చెబుతుంది.

ఇరాకో అనే ఓడతో మొదలుపెడతాను. 1941లో పూర్తయిన ఓడ ఇది. పొడవు దాదాపు 147 మీటర్లు. దీని పని నౌకాదళానికి తిండి అందించడం. పాతిక వేల మందికి రెండు వారాలకు సరిపడా ఆహారం మోసుకెళ్ళగల ఓడ. మాంసం, చేపలు, కూరగాయలు చెడిపోకుండా ఉంచడానికి చల్లని గదులు ఉండేవి. మిఠాయిలు కూడా ఓడలోనే చేసేవాళ్ళు. మొనాకా అని పల్చటి కరకరలాడే పొరల మధ్య తియ్యటి చిక్కుడు గింజల ముద్ద పెట్టి చేసే జపాను మిఠాయి ఒకటి ఉంది. ఇరాకో మొనాకా అంటే నావికుల్లో పెద్ద పేరు. నెలల తరబడి ఉప్పునీళ్ళ మధ్య ఉన్న పద్దెనిమిదేళ్ళ, ఇరవై ఏళ్ళ కుర్రాళ్ళు ఈ ఓడ రేవులోకి వస్తోందంటే ఎంత ఎదురుచూసి ఉంటారో ఊహించండి. ఇల్లు వదిలి దూరాన ఉద్యోగం చేసే కొడుక్కి తల్లి పంపిన జంతికల డబ్బా అందినట్టు ఉండేదేమో.

ఇప్పుడు ఇరాకో దాదాపు నిటారుగా, అడుగున 43 మీటర్ల లోతులో కూర్చుని ఉంది. డెక్కు ముప్పై మీటర్ల దగ్గర మొదలవుతుంది. లంగరు తాడు పట్టుకుని దిగుతూ ఉంటే మొదట ఏమీ కనిపించదు, ఆకుపచ్చని నీళ్ళు తప్ప. కోరోన్ నీళ్ళు ఫొటోల్లో కనిపించేంత తేటగా అన్ని రోజులూ ఉండవు. ఇరవై మీటర్ల దగ్గర కింద ఏదో చీకటిగా, మరీ వెడల్పుగా అనిపిస్తుంది. అది నేల కాదని తెలిసేసరికి గుండె ఒకసారి జారుతుంది. ఒక చివర కనిపిస్తే ఇంకో చివర కనిపించదు. రెయిలింగు మీద మెత్తటి పగడాలు, వాటి మీద వెన్నెముక ముళ్ళు విప్పుకుని కదలకుండా నిలబడిన లయన్ ఫిష్. డెక్కు అంచున పెద్ద గ్రూపర్ చేప మనల్ని చూసి తీరుబడిగా లోపలికి వెళ్ళిపోతుంది. వంటకు సంబంధించిన గదుల దాకా వెళ్ళడం బాగా శిక్షణ ఉన్నవాళ్ళకే. నేను వెళ్ళలేదు, వెళ్ళాలని కూడా అనుకోలేదు. డెక్కు మీద నుంచి చూస్తే చాలు, ఎంత తిండి మోసే ఓడో తెలుస్తుంది.

నాకు ఎక్కువగా గుర్తుండిపోయింది కోగ్యో మారు. కుడి పక్కకు ఒరిగి పడి ఉంది. పక్కకు పడిన ఓడలోకి తొంగి చూస్తే కాసేపు తల తిరుగుతుంది, ఎందుకంటే నేల గోడగా, గోడ నేలగా మారి ఉంటాయి. సరుకు గదుల మీద మూతలు లేవు, లోపలికి వెలుతురు పడుతుంది. ఒక గదిలో సిమెంటు బస్తాలు. సంచి గుడ్డ ఎప్పుడో కుళ్ళిపోయింది. లోపలి సిమెంటు మాత్రం నీళ్ళు తగిలి గట్టిపడి, సంచి ఆకారంలోనే రాయి అయిపోయింది. దగ్గరగా వెళ్ళి టార్చి వేస్తే మూట మీద మూట వేసినప్పుడు కింది మూట ఎలా నలిగిందో, పక్క మూటకు ఆనుకుని ఎక్కడ సొట్ట పడిందో అన్నీ అలాగే అచ్చు పడి ఉన్నాయి. మోసినవాడు విదిలించి వేసిన మూట ఏదో, కుదురుగా సర్దినది ఏదో తెలిసిపోతోంది. ఇంకో గదిలో ఇనుప వల చుట్టలు, ఒక బుల్డోజరు. ఇవన్నీ విమానాల రన్‌వే వేయడానికి పనికొచ్చే సామాను. వేయాల్సిన రన్‌వే వేయకుండానే ఇక్కడ ఆగిపోయాయి. యుద్ధం ఎలా ఓడిపోతారో ఆ బస్తాల గది చూస్తే నాకు అర్థమైనంతగా పుస్తకాల్లో అర్థం కాలేదు.

అకిత్సుషిమా సంగతి వేరు. ఇది నౌకాదళపు ఓడ. పొడవు 118 మీటర్లు. కావానిషి కంపెనీ చేసిన హెచ్8కె అనే నాలుగు ఇంజన్ల సముద్ర విమానానికి మరమ్మతు, ఇంధనం, సిబ్బంది వసతి చూడటం దీని పని. ఆ విమానం రెక్కల పొడవు 38 మీటర్లు. దాన్ని నీళ్ళ మీద నుంచి ఎత్తి డెక్కు మీద పెట్టుకోవడానికి ఓడ వెనుక భాగంలో 35 టన్నుల క్రేను ఉండేది. 1944 ఫిబ్రవరిలో అమెరికా వాళ్ళు ట్రుక్ అనే పెద్ద జపాను స్థావరం మీద దాడి చేసినప్పుడు ఈ ఓడ అక్కడే ఉంది. దెబ్బ తగిలినా బతికి బయటపడింది. ఏడు నెలల తర్వాత కోరోన్‌లో తప్పించుకోలేకపోయింది. ఇప్పుడు ఎడమ పక్కకు పడుకుని ఉంది. క్రేను కింద ఇసుకలో పడి ఉంది. విమానాలను ఎత్తే ఓడలో విమానమే లేదు. ఈ ఓడను చూసే ముందు దాని పాత ఫొటో ఒకటి చూసి వెళ్ళండని అందరికీ చెబుతాను. ఫొటో చూడకుండా వెళ్తే ఆ ఇసుకలో ఉన్నది ఇనుప దూలాల గుట్ట మాత్రమే.

ఒకికావా మారు నూనె ఓడ. కోరోన్ ఓడల్లో అన్నిటికన్నా పొడవైనది, 160 మీటర్లకు పైనే. చాలాకాలం డైవర్లు దీన్ని తాయెయీ మారు అని వేరే పేరుతో పిలిచారు. నీళ్ళ కింద ఓడను గుర్తుపట్టడం, కాగితాలతో సరిపోల్చడం అంత కష్టం. డెక్కు లోతు తక్కువ కాబట్టి కొత్తవాళ్ళకు ఇది మంచి ఓడ. డైవింగ్ రానివాళ్ళకు కూడా ఒకటుంది. లుసోంగ్ లంక పక్కన చిన్న గన్‌బోటు. దాని వెనుక భాగం పోటు తగ్గినప్పుడు నీటిపైకి తేలుతుంది. మాస్కు, గొట్టం పెట్టుకుని ఈదుతూ చూడొచ్చు.

ఇక లోతుల్లో మన ఒంటికి ఏమవుతుందో కాస్త చెప్పాలి. ప్రతి పది మీటర్లకు ఒక వాతావరణపు పీడనం పెరుగుతుంది. ముప్పై మీటర్ల దగ్గర మన మీద ఉండేది ఒడ్డున ఉన్నదానికి నాలుగు రెట్లు. ఒక్కో శ్వాసకు ట్యాంకులోంచి నాలుగు రెట్లు గాలి ఖర్చవుతుంది. ఒడ్డున గంట వచ్చే ట్యాంకు అక్కడ పావుగంటలో అయిపోతుంది. పీల్చే గాలిలోని నైట్రోజన్ రక్తంలో, కండరాల్లో కరుగుతుంది. తొందరగా పైకి వస్తే సోడా సీసా మూత తీసినప్పటి బుడగలు ఒంట్లో పుడతాయి. అందుకే మెల్లగా పైకి రావాలి, ఐదు మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగాలి. లోతుకు వెళ్ళేకొద్దీ నైట్రోజన్ మత్తు కూడా ఎక్కుతుంది. మత్తు ఎక్కిందని మత్తులో ఉన్నవాడికి తెలియకపోవడమే అందులో ప్రమాదం. రంగులు కూడా మారిపోతాయి. ఎరుపు మొదట పోతుంది. అక్కడ వేలు తెగితే కారే రక్తం ఆకుపచ్చగా కనిపిస్తుంది. టార్చి వేస్తేనే పగడాల అసలు రంగు బయటపడుతుంది.

మొదటి కోర్సు చేసినవాళ్ళు 18 మీటర్ల దాకా, తర్వాతి కోర్సు చేసినవాళ్ళు 30 దాకా వెళ్ళొచ్చు. సరదా డైవింగ్‌కు హద్దు 40. ఇరాకో కూర్చున్న నేల ఆ హద్దుకు కింద ఉంది. కాబట్టి ఇరాకోకు వెళ్ళేవాళ్ళు డెక్కు దగ్గరే ఆగాలి.

ఓడ లోపలికి దూరడం గురించి గట్టిగానే చెబుతాను. లోపల అడుగున ఎనభై ఏళ్ళ బురద మెత్తగా పేరుకుని ఉంటుంది. కాలి ఫిన్ను ఒక్కసారి తగిలితే లేచి, చేయి మొహం ముందు పెట్టుకున్నా కనపడదు. పైకి వెళ్దామంటే పైన ఇనుము. అందుకే లోపలికి వెళ్ళేవాళ్ళు బయటి నుంచి తాడు కట్టుకుంటూ వెళ్తారు. గాలిలో మూడో వంతు వెళ్ళడానికి, మూడో వంతు రావడానికి, మూడో వంతు అవసరానికి అని లెక్క పెట్టుకుంటారు. ఆ శిక్షణ లేకుండా గైడు వెనకాల తోక పట్టుకుని దూరడం నాకు అస్సలు నచ్చదు. అక్కడ చాలా పడవలు అలా తీసుకెళ్తాయి. డబ్బు కట్టాం కదా అని మనమూ వెళ్తాం. వద్దని చెప్పే హక్కు మనకుంది. వాడుకోండి.

ఇంత చెప్పి మనుషుల సంగతి వదిలేస్తే తప్పు. ఈ ఓడల్లో మనుషులు చనిపోయారు. వంటవాళ్ళు, ఇంజను గదుల్లో పనిచేసేవాళ్ళు, నావికులు. ఓడల్లో చాలా వరకు సైన్యం తీసుకున్న వ్యాపార ఓడలు. చనిపోయినవాళ్ళలో అందరూ తుపాకీ పట్టినవాళ్ళు కారు. ట్రుక్‌లో మునిగిన ఓడల నుంచి జపాను వాళ్ళు వచ్చి ఎముకలు తీసి దహనం చేసి తీసుకెళ్ళారు. మనీలాకు దగ్గరలోనే సూబిక్ అఖాతంలో ఓర్యోకు మారు అనే ఓడ ఉంది. 1944 డిసెంబరు 15న దాన్ని ముంచింది అమెరికా విమానాలే. లోపల పదహారు వందల మందికి పైగా యుద్ధ ఖైదీలున్నారు, అందులో అత్యధికులు అమెరికన్లు. పైనున్న పైలట్లకు ఆ సంగతి తెలియదు. ఇప్పుడు అక్కడ కూడా డైవింగ్ చేస్తున్నారు. పడవ మీద పాటలు పెట్టుకుని వెళ్ళి ఆ ఓడ మీద దిగేవాళ్ళను చూస్తే నాకు బాధ కలుగుతుంది.

మన దగ్గరా అలాంటి చోటు ఉంది. 1971 డిసెంబరు మొదటి వారంలో విశాఖ తీరానికి దగ్గరలో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగింది. అందులో ఉన్న తొంభై మందికి పైగా అక్కడే ఉండిపోయారు. ఇటీవల మన నౌకాదళం లోతు నీళ్ళ రక్షణ వాహనంతో దాన్ని మళ్ళీ గుర్తించినప్పుడు, చనిపోయినవాళ్ళ మీద గౌరవంతో దాన్ని ముట్టుకోలేదు. శత్రువు అయినా సరే. ఆ నిర్ణయం మనసుకు హత్తుకుంది. కోరోన్‌లో దిగే ప్రతి మనిషీ అదే పద్ధతి పాటించాలని కోరుకుంటాను. గిన్నె ముక్క, సీసా, ఇత్తడి కవాటం, ఏదీ చేతిలోకి తీసుకోకూడదు. కొన్ని సామాన్లను గైడ్లు ఫొటోల కోసం ఒకచోట పేర్చి పెడతారు. అది కూడా వద్దు.

ఇనుము ఎంతకాలం ఉంటుందనేది వేరే దిగులు. వెచ్చటి ఉప్పునీళ్ళు ఓడను రోజూ కొంచెం కొంచెం తింటాయి. డెక్కు పలకలు పల్చబడ్డాయి, గోడలు ఒరుగుతున్నాయి. 2013 నవంబరులో యోలాండా తుఫాను ఈ ప్రాంతాన్ని చితక్కొట్టింది. ఊళ్ళో ఇళ్ళూ పడవలూ పోయాయి, జనం నిలదొక్కుకోవడానికి చాలాకాలం పట్టింది. పర్యాటకం వాళ్ళకు తిండి పెట్టేది కాబట్టి డైవింగ్ ఆగిపోవాలని నేననను. కాకపోతే పడవలు ఓడ మీదే లంగరు వేస్తే పలకలు పగులుతాయి. శాశ్వత తాళ్ళు, తేలే బుడ్డీలు ఉన్న చోట వాటికే కట్టాలి. లోపలికి దూరే డైవర్లు వదిలే గాలి బుడగలు పైకప్పు కింద చేరి ఇనుమును ఇంకా తొందరగా తుప్పు పట్టిస్తాయి. లోపలికి వెళ్ళకపోవడానికి ఇదీ ఒక కారణం.

నీళ్ళ కింద ఉన్న చారిత్రక వస్తువులను కాపాడటానికి 2001లో యునెస్కో ఒక ఒప్పందం చేసింది. నూరేళ్ళు నీళ్ళలో ఉన్నవాటికే అది వర్తిస్తుంది. కోరోన్ ఓడలకు నూరేళ్ళు నిండేది 2044 సెప్టెంబరులో. అప్పటికి ఏ ఓడ నిలబడి ఉంటుందో, ఏది కూలిపోతుందో. నిబంధన వచ్చేదాకా ఆగితే ఓడలు ఆగవు. డైవింగ్ నేర్పే కేంద్రాలు మన దగ్గర కూడా పెరుగుతున్నాయి. ఓడలను చూడటానికి పంపే ముందు ఆ ఓడ కథ ఒక గంట చెప్పడం కోర్సులో భాగం చేస్తే బాగుంటుంది. ఏ ఓడ, ఏ సరుకు, ఎవరు పోయారు అని. గాలి లెక్క చెప్పినంత శ్రద్ధగా ఇదీ చెప్పాలి.

మన తెలుగు పిల్లలు చాలామంది ఫిలిప్పీన్స్‌లో వైద్యం చదువుతున్నారు. మనీలా నుంచి బుసువాంగాకు విమానంలో గంట పై చిలుకు. సెలవుల్లో వెళ్దామనుకునేవాళ్ళు నవంబరు నుంచి మే దాకా ఉండే పొడి కాలంలో వెళ్ళండి. మొదట లుసోంగ్ గన్‌బోటు చూడండి. తర్వాత ఒకికావా మారు డెక్కు. కోగ్యో మారులో సిమెంటు బస్తాల దగ్గర తొందరపడకండి. అనుభవం వచ్చాకే ఇరాకో, అదీ డెక్కు దాకానే. పడవ ఎక్కే ముందు గైడును ఓడ బొమ్మ గీసి చూపించమని అడగండి. తిరుగు విమానం మాత్రం చివరి డైవ్ అయ్యాక కనీసం 18 గంటలు దాటాకే ఎక్కండి.